కేరవాన్‌లో పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలి? మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో మా ఆస్ట్రేలియా ట్రిప్ గురించి రాశాను కదా, 2024 ఏప్రిల్‌లో నేను, మావారు, పిల్లలిద్దరు, మా అత్తయ్య, మొత్తం ఐదుగురం ఒక మోటర్‌హోమ్, అంటే మంచాలూ పొయ్యీ బాత్రూమూ అన్నీ లోపలే ఉండే బండి, అద్దెకి తీసుకుని మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ దాకా పల్లెటూళ్ళ మీదుగా పద్నాలుగు రోజులు తిరిగొచ్చిన కథ. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. బెంగళూరు నుంచే ఎక్కువ, చెన్నై నుంచి కొన్ని. అందులో సగం బాత్రూమ్ గురించే, ఏం దాచుకోకుండా చెప్తున్నా. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేసి ఏరియా మాత్రం ఉంచాను.

అక్కా, నాకూ మా ఆవిడకీ కలిపి పన్నెండు రోజులు లీవ్ దొరికింది. సిడ్నీలో దిగి, బండి తీసుకుని మెల్‌బోర్న్, అడిలైడ్, ఉలురు కొండ చూసుకుని కెయిన్స్‌లో ఫ్లైట్ ఎక్కేద్దామని ఎక్సెల్‌లో ప్లాన్ వేశాను. రోజుకి 500 కిలోమీటర్లు పడుతోంది. రోడ్లు బాగుంటాయి కదా, అయిపోతుందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

అవ్వదు బాబూ. ఎక్సెల్‌కి ఆకలెయ్యదు, నిద్ర రాదు, పక్క సీట్లో పెళ్ళాం అలగదు, అందుకని దానికి రోజుకి 500 ఈజీగా అయిపోతాయి. నువ్వు రాసిన రూటు నేనూ కూడి చూశా, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాదాపు 880, అక్కణ్ణుంచి అడిలైడ్ 725, అడిలైడ్ నుంచి ఉలురుకి 1600 పైచిలుకు చూసుకో, ఉలురు నుంచి కెయిన్స్ అంటే ఇంకో 2800 దాకా. మొత్తం ఆరు వేలు. బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ బయల్దేరి నాగపూర్ దాటెయ్యడమన్నమాట. హనీమూన్‌కి వెళ్తున్నావా లారీ లోడ్ దింపడానికి వెళ్తున్నావా?

నిన్ను వెక్కిరిస్తున్నా గానీ మేమూ అదే తప్పు చేశాం. మొదట నేను రోజుకి 350 లెక్కన ప్లాన్ వేశా. మోటర్‌హోమ్ అంటే కారు కాదు, వెనక ఒక చిన్న ఇల్లు ఊగుతూ వస్తుంటుంది, గాలి తోలిందంటే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని 90లో పోవడమే. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత సాయంత్రం ఆరుకే చీకటి, ఇంచుమించు ఆ టైముకే, రాత్రికి బండి పెట్టుకునే కేరవాన్ పార్కుల్లో ఆఫీసు కూడా మూసేస్తారు. అంటే నాలుగున్నరకల్లా బండి ఆగాలి. పొద్దున కదిలే ముందు గంట సర్దుకోవడం, సాయంత్రం గంట విప్పుకోవడం, మధ్యలో వంట. ఇంక మిగిలేదెంత?

గ్రేట్ ఓషన్ రోడ్డే తీసుకో, 243 కిలోమీటర్లు, మ్యాప్‌లో చూస్తే మధ్యాహ్నానికి అయిపోయేలా ఉంటుంది. మాకు రెండు రోజులు పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా పలుగూ పారా పట్టుకుని కొండ అంచున చెక్కిన రోడ్డది, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా, అందుకే ఒక్క వంపూ తిన్నగా ఉండదు. చివర్లో లండన్ బ్రిడ్జి అని సముద్రంలోకి ఒక రాతి వంతెన ఉండేది, 1990 జనవరిలో ఒడ్డుకి అంటుకున్న కమాను కూలిపోతే అవతల ఇద్దరు టూరిస్టులు ఇరుక్కుపోయారు, హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. మా పిల్లలు ఆ బోర్డు దగ్గర అరగంట నిలబడి వాళ్ళు బాత్రూమ్‌కి ఏం చేసుంటారని చర్చ పెట్టారు. ఇలాంటి అరగంటలకి నీ ఎక్సెల్‌లో కాలమ్ లేదు కదా. మూడో రోజుకి నేను మౌంట్ గాంబియర్ అనే ఊరిని ప్లాన్‌లోంచి కొట్టేశా, మావారు "ఇంత దూరం వచ్చి" అంటూ మొదలెట్టారు, మా అత్తయ్య "ఇంత దూరం వచ్చింది పరిగెత్తడానికా" అని ఒక్క మాటన్నారు, అయిపోయింది.

కాబట్టి పన్నెండు రోజులకి మెల్‌బోర్న్–అడిలైడ్ చాలు, రోజుకి 200, మహా అయితే 250. మన బెంగళూరు నుంచి సిడ్నీకి క్వాంటాస్ డైరెక్ట్ ఫ్లైట్ 2022 నుంచి ఉంది, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్‌కి లోకల్ ఫ్లైట్ పట్టుకో. ఉలురు చూడకపోతే ప్రాణం ఊరుకోదంటావా, అడిలైడ్‌లో బండి అప్పజెప్పి విమానంలో వెళ్ళిరా.

మేడమ్, మాకు ఐదేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప. కారు వెనక తగిలించే కేరవాన్ మంచిదా, మీలా మోటర్‌హోమ్ మంచిదా? కేరవాన్ అయితే పిల్లలు వెనక పడుకుని రావచ్చని మావారంటున్నారు. లైసెన్సు సంగతి కూడా చెప్పండి.
– ఇద్దరు పిల్లల తల్లి, బనశంకరి

ముందు మీవారికి చెప్పండి, నడుస్తున్న కేరవాన్‌లో మనుషులు ఉండకూడదు, అది నేరం. మోటర్‌హోమ్‌లో కూడా అంతే, బండి కదిలితే ప్రతి ఒక్కళ్ళూ సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే, పరుపు మీద దొర్లుకుంటూ ప్రయాణం చెయ్యడం సినిమాల్లోనే. ఏడేళ్ళ లోపు పిల్లలకి అక్కడి స్టాండర్డ్ ప్రకారం ఉన్న చైల్డ్ సీటు కంపల్సరీ, ఇక్కణ్ణుంచి మోసుకుపోతే పనికిరాదు, బండి ఇచ్చేవాళ్ళే అద్దెకిస్తారు. కానీ ఆ సీటు బిగించడానికి హుక్కు ఉన్న సీట్లు ఒక్కో బండిలో ఒకటో రెండో ఉంటాయి, బుక్ చేసేటప్పుడే "మాకు ఐదేళ్ళ పిల్లాడు" అని చెప్పండమ్మా, చివర్లో చెప్తే వేరే మోడల్ అంటారు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు మోటర్‌హోమ్‌కే. వెనక ఒక ఇల్లు తగిలించుకుని రివర్స్ చెయ్యడమంటే స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది, మన ఎంజీ రోడ్డు పార్కింగ్‌లో కారు పెట్టడానికే చెమటలు పట్టే మనకి ఎందుకొచ్చిన గొడవ. అక్కడి పెద్దవాళ్ళు మాత్రం, డెబ్బై ఏళ్ళ ముసలాయన లాగుడు కేరవాన్‌ని ఒక్క చేత్తో రెండు చెట్ల మధ్యకి దూర్చేస్తాడు, భార్య వెనక నిలబడి చెయ్యూపుతుంటుంది, ఇద్దరూ మాట్లాడుకోరు, ముప్పై ఏళ్ళ కాపురం అక్కడ కనిపిస్తుంది.

లైసెన్సుకి, మీ ఆర్టీవో నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, మన లైసెన్సు కూడా దగ్గరుండాలి. మామూలు కారు లైసెన్సుతో 4.5 టన్నుల లోపు మోటర్‌హోమ్ నడపొచ్చు. వాళ్ళదీ మనలాగే ఎడమ పక్క డ్రైవింగే, అదొక్కటి హాయి. హాయి కానిది ఎత్తు. మా బండి మూడు మీటర్ల పైనే, ఆ సంగతి స్టీరింగ్ ముందు స్టిక్కర్ మీద ఉంటుంది, మనం చదవం. సౌత్ మెల్‌బోర్న్‌లో మోంటేగ్ స్ట్రీట్ ట్రామ్ వంతెన కింద మూడు మీటర్లే జాగా, ఏళ్ళ తరబడి లారీలు, బస్సులు దానికి గుద్దుకుంటూనే ఉంటాయి. మన అండర్‌పాస్‌ల్లో వానాకాలం కార్లు మునిగినట్టు వాళ్ళకదొక జాతర. సిటీలో బండి తీసుకోగానే ఊరి బయటికి పారిపోండి.

సిగ్గు విడిచి అడుగుతున్నానమ్మా. నాకు అరవై ఆరు, మా ఆవిడకి అరవై. అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, కేరవాన్‌లో తిప్పుతానంటున్నాడు. ఆ టాయిలెట్ ఎవరు, ఎలా శుభ్రం చేస్తారు?
– రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, రాజాజీనగర్

బాబాయ్‌గారూ, మీరొక్కరే కాదు, ఇంకో పదిహేను మంది అడిగారు, కాకపోతే వాళ్ళు "హైజీన్ ఏర్పాట్లు ఎలా ఉంటాయి" అని తిప్పి తిప్పి రాశారు.

కమోడ్ కింద ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, సూట్‌కేసంత, చక్రాలు, హ్యాండిల్ కూడా ఉంటాయి. క్యాసెట్ అంటారు. బండి బయటి వైపు ఒక చిన్న తలుపు తీసి దాన్ని లాగి, కేరవాన్ పార్కులోనో, చాలా ఊళ్ళలో రోడ్డు పక్కనో ఉండే డంప్ పాయింట్ దగ్గర ఖాళీ చేసి, కడిగి, నీలం రంగు మందు ప్యాకెట్టు ఒకటి వేసి మళ్ళీ తోసెయ్యడమే. అది వేస్తే వాసన రాదు, నిజంగానే రాదు. మాకు రెండు రోజులకోసారి పనిపడేది.

మొదటిసారి మావారు వెళ్ళారు, చేతులకి గ్లవ్స్, ముక్కుకి కర్చీఫ్, నా పాత చున్నీ తలకి. పెట్టెని ఎత్తి వంపితే గుడగుడా గుడగుడా అని ఆగి ఆగి పడుతోంది, చింది ప్యాంటు మీద పడింది. పక్కన తన పెట్టెతో నిలబడ్డ ఒక పెద్దాయన, గ్లవ్స్ కూడా లేవు, వచ్చి హ్యాండిల్ దగ్గరున్న చిన్న బటన్ చూపించాడు. దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంటే లోపలికి గాలి పోయి, నీళ్ళ బిందె వంపినట్టు సాఫీగా పోతుంది. అంతే రహస్యం. బండి ఇచ్చేటప్పుడు చూపించిన నలభై నిమిషాల వీడియోలో ఈ ఒక్క ముక్క లేదు. ఆయనకి మావారు నమస్కారం పెట్టేశారు, రెండు చేతులూ జోడించి, ఆ గ్లవ్స్‌తోనే.

ఇంకో మాట, పార్కుల్లో బాత్రూమ్‌లు శుభ్రంగా, వేడి నీళ్ళతో ఉంటాయి, పగలు అవే వాడుకుని బండిలోది రాత్రిళ్ళకి మాత్రమే ఉంచుకోండి. మీ మోకాళ్ళ సంగతి కూడా అబ్బాయికి చెప్పి కింద మంచం ఉన్న బండి తీసుకోమనండి, డ్రైవర్ నెత్తిమీదుండే మంచానికి నిచ్చెన ఎక్కాలి.

అక్కా, మేం ప్యూర్ వెజ్. ఊరగాయలు, పప్పు, సోనామసూరి, పొడులు అన్నీ ఇక్కణ్ణుంచి కట్టుకుపోవచ్చా? బండిలో వంట నిజంగా అవుతుందా? పల్లెటూళ్ళలో మనం తినేవి దొరుకుతాయా?
– గృహిణి, పెరంబూర్, చెన్నై

బియ్యం, పప్పులు, కరివేపాకు, పాలతో చేసిన స్వీట్లు, ఇవి వద్దే వద్దు. ధాన్యంలో వచ్చే పురుగులంటే, పశువుల రోగాలంటే వాళ్ళకి చచ్చేంత భయం. విమానంలో ఒక కార్డు ఇస్తారు, తినేది ఏదున్నా అందులో టిక్ పెట్టాలి. టిక్ పెట్టి చూపిస్తే చూసి ఇస్తారు, లేదంటే తీసుకుంటారు, అక్కడితో సరి, దాచి దొరికితేనే ఫైను. మేం సీలు వేసిన ఆవకాయ సీసాలు రెండు చూపించాం, అటూ ఇటూ తిప్పి ఇచ్చేశారు. మా అత్తయ్య చీర మడతల్లో దాచిన కరివేపాకు గురించి నాకు ముందు తెలీదు, ఆఫీసర్ ముందు ఆవిడే తీసి "తీస్కో నాయనా" అని చేతిలో పెట్టారు.

మెల్‌బోర్న్‌లో డాండెనాంగ్ వెళ్తే మన కొట్లు వరసగా ఉన్నాయి, ఇంగువ, మినప్పప్పు, దోసె పిండి, కరివేపాకుతో సహా. అక్కడే రెండు వారాలకి సరిపడా కొనేసుకోండి. పల్లెటూళ్ళలో సూపర్ మార్కెట్లో బాస్మతి, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి, హోటల్లో వెజ్ అంటే చాలా చోట్ల బంగాళాదుంప వేపుడే దిక్కు. మా పిల్లలకి మాత్రం పండగ. బేకరీలో ఆన్జాక్ బిస్కెట్లు అడగండి, ఓట్సు, కొబ్బరి, ఒక రకం పాకంతో చేస్తారు, మామూలుగా గుడ్డు వెయ్యరు, మన కొబ్బరుండకి దూరపు చుట్టం.

వంట బ్రహ్మాండంగా అవుతుంది, గ్యాసు పొయ్యి ఉంటుంది. పోపు మాత్రం లోపల పెట్టకండి, ఆవాలు చిటపటలాడేలోపే పొగ అలారం అరుస్తుంది. పార్కుల్లో కామన్ వంటిల్లు ఉంటుంది, ఊళ్ళలో పిల్లల పార్కుల పక్కన బటన్ నొక్కితే వేడెక్కే పెనాలుంటాయి, చాలా చోట్ల ఫ్రీ, వాడుకుని తుడిచి రావాలి. వాటి మీద మేం దోసెలు పోశాం, ముందు ఫాయిల్ పరిచి, ఎందుకంటే మన కంటే ముందు దానిమీద సాసేజీలు కాలుంటాయి కదా.

ఇప్పుడు టైటిల్ సంగతి. కదిలే ముందు అల్మరాలన్నిటికీ బటన్ లాకులు నొక్కాలి. ఆరో రోజు వార్నంబూల్ దగ్గర రౌండెబౌట్ తిరుగుతుంటే పై అల్మరా తెరుచుకుని స్టీలు పోపుల డబ్బా వచ్చి కింద పడి, మూత ఊడి, ఏడు గిన్నెలూ ఏడు దిక్కులకి. ఆవాలు, జీలకర్ర ఊడ్చేశాం. పసుపు ఏం చేస్తాం? లేత గోధుమరంగు సీటు మీద పడింది, కంగారులో నేను తడిగుడ్డ పెట్టి తుడిచా, పసుపుకి నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆడదాన్నయ్యుండి నాకు తెలీదా, అయినా తుడిచా. సీటు పెళ్ళిపీట అయిపోయింది. బండి అప్పజెప్పినప్పుడు ఆ కంపెనీవాళ్ళు క్లీనింగ్ అని డిపాజిట్లోంచి 200 డాలర్లు కోశారు, అప్పటికి డాలరు 55 రూపాయలు, అంటే పదకొండు వేల పసుపు. అంతకుముందే వాళ్ళిచ్చిన గ్యాసు సిలిండర్ రెండో రోజే అయిపోతే మేం సొంత డబ్బుతో మార్చుకున్నాం, ఆ లెక్క మాత్రం వాళ్ళకి గుర్తు రాలేదు.

పోపుల డబ్బా సింకులో పెట్టండి, చుట్టూ తువ్వాలు కుక్కి. అదే జవాబు.

ఒకటి మర్చిపోయా. మిల్‌డూరా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి వెళ్ళేటప్పుడు యాంబా దగ్గర చెక్‌పోస్టు ఉంటుంది, పండ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు లోపలికి రానివ్వరు, పండు ఈగ వస్తుందని. ఆ ముందురోజే మేం రోడ్డు పక్కన, మనిషి లేని ఒక స్టాల్ దగ్గర, డబ్బాలో డబ్బులేసి రెండు కిలోల టమాటాలు, ద్రాక్ష సంచీ కొనుక్కున్నాం. సంగతి తెలిసింది రాత్రి తొమ్మిదింటికి. ద్రాక్ష పిల్లలు తినేశారు, టమాటాలు, మిరపకాయలు మొత్తం కోసి అత్తయ్య పార్కు వంటింట్లో పచ్చడి పెట్టేశారు, వండితే పర్లేదు కాబట్టి. పొద్దున ఆఫీసరమ్మ ఫ్రిజ్ తెరిచి, సీసా చూసి, మూత తీసి వాసన చూసి, ఒక్కసారిగా తల వెనక్కి లాక్కుంది. వెళ్ళండి అంది.

ఆంటీ, మా నాన్న బెంగళూరు–హైదరాబాద్ ఎప్పుడూ రాత్రిళ్ళే నడుపుతారు, ట్రాఫిక్ ఉండదని. అక్కడ కూడా రాత్రి నడిపి పగలు చూద్దామంటున్నారు. మీరొక మాట రాస్తే వింటారు.
– డిగ్రీ విద్యార్థిని, జయనగర్

అన్నయ్యగారూ, వద్దండి. చాలా కంపెనీల అగ్రిమెంట్లోనే ఉంటుంది, ఊళ్ళ బయట సూర్యాస్తమయం తర్వాత నడిపితే ఇన్సూరెన్సు చెల్లదని. కారణం కంగారూలు. పగలంతా చెట్ల కింద పడుకుని, పొద్దు వాలేటప్పుడూ తెల్లారేటప్పుడూ గడ్డికి బయటికొస్తాయి, హెడ్‌లైటు పడితే పక్కకి పోకుండా ఒక్కోసారి లైటు వైపే గెంతుతాయి. మన అనంతపురం రోడ్డు మీద గేదె అడ్డొస్తే అది నిలబడుంటుంది, మనం పక్కనుంచి పోతాం. ఇది ఎటు గెంతుతుందో దానికే తెలీదు. ఒకవేళ వచ్చేస్తే బ్రేకు తొక్కి తిన్నగానే ఉండాలి, స్టీరింగ్ కొయ్యకూడదు, అంతెత్తు బండి బోల్తా కొడుతుంది. ఇంకా ఉత్తరాన స్టువర్ట్ హైవే మీద రోడ్ ట్రైన్లని లారీలుంటాయి, మూడేసి నాలుగేసి డబ్బాలు, 53.5 మీటర్ల పొడవు దాకా, రాత్రి వాటిని ఓవర్‌టేక్ చేస్తానంటే నేను మీతో మాట్లాడను.

కంగారూలు చూడాలంటే హాల్స్ గ్యాప్ అనే ఊళ్ళో సాయంత్రం ఐదింటికి గ్రౌండ్ దగ్గర నిలబడండి చాలు, మేకలమందలా మేస్తుంటాయి. పెట్టకండి ఏమీ, మా చిన్నది బిస్కెట్ తీసేసరికి అక్కడి పెద్దావిడ మందలించింది.

ఉలురు ఎక్కనివ్వట్లేదంట కదా? ఎక్కకపోతే అంత దూరం వెళ్ళడం వేస్టా?
– పీజీలో ఉంటున్న ఒక కుర్రాడు, మారతహళ్ళి

2019 అక్టోబర్ 26 నుంచి ఆపేశారు. మేం ఈసారి వెళ్ళలేదు, మావారు ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు చూశారు. అనంగు అనే అక్కడి జనానికి అది దేవుడి కొండలాంటిది, 1985లో అదే తేదీన ఆ భూమి వాళ్ళ చేతికి తిరిగొచ్చింది. నువ్వు అరుణాచలం వెళ్ళుంటావు, పౌర్ణమికి బెంగళూరు బస్సులన్నీ అటే కదా. పద్నాలుగు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా చుట్టూ తిరిగొస్తావు గానీ కొండెక్కి జెండా పాతుతానంటావా? ఉలురు చుట్టూ నడక 10.6 కిలోమీటర్లు, కొన్ని చోట్ల ఫోటో తియ్యొద్దని బోర్డులుంటాయి, తియ్యకు. ఎండ ముదరకముందే మొదలెట్టు. పార్కు లోపల టెంట్లు వెయ్యనివ్వరు, పక్కనే యులారా అనే ఊళ్ళో క్యాంప్‌గ్రౌండ్ ఉంది. మొహానికి ఈగల వల కొనుక్కో, నవ్వొస్తుంది గానీ కొనుక్కో.

పల్లెటూళ్ళలో చూడ్డానికి ఏముందండీ, పొలాలేగా? అవి మన కోలారులో లేవా?
– కె.ఆర్.పురం నుంచి

పొలాలే. ఒక్క చేను అయిపోవడానికి బండిలో పావుగంట పడుతుంది, మధ్యలో ఒక్క మనిషి కనపడడు. ఎదురొచ్చే వ్యానువాడు స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపుతాడు, అదే పలకరింపు. మొదటి రోజు మావారు తిడుతున్నాడేమో అనుకున్నారు, రెండో రోజుకి ఆయనా లేపుతున్నారు.

హార్షమ్ నుంచి మిల్‌డూరా వెళ్ళే దారిలో పక్కకి తిరిగితే బ్రిమ్ అని ఒక ఊరుంది, ఊరంటే నాలుగిళ్ళు. అక్కడ 1939లో కట్టిన గోధుమల గాదెలు, కాంక్రీటువి, తాడిచెట్టుని మించిన ఎత్తు. 2016లో గైడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు వాటి మీద నలుగురు రైతుల బొమ్మలు వేశాడు, ఎవరో పేరు లేదు, ఎండకి కళ్ళు చికిలించి నిలబడ్డ మామూలు మనుషులు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ గాదెల మీద కూడా బొమ్మలొచ్చాయి, ఇప్పుడు జనం అవి చూడ్డానికే ఆ దారిన పోతున్నారు. మా అత్తయ్య చాలాసేపు తలెత్తి చూసి "మీ మావయ్య కూడా చేలో ఇలాగే నిలబడేవాడు" అన్నారు. కోనసీమ మనిషి ఆవిడ.

అడిలైడ్ వైపు మర్రే నది దాటడానికి చాలా చోట్ల వంతెనలుండవు, ఇనప తాడు పట్టుకుని నది మీద జారే బల్లకట్టు ఉంటుంది, బండితో సహా ఎక్కించేసుకుంటారు, ఒక్క పైసా తీసుకోరు, ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతుంది. అత్తయ్య దిగి రెయిలింగ్ పట్టుకుని "ఓరి, మన పంటే కదరా ఇది" అన్నారు. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం రేవుకి ఆవిడ కాపురానికెళ్ళింది పంటు మీదేనంట. మేం ఆ పంటు నాలుగుసార్లు అటూ ఇటూ ఎక్కాం, పనేం లేకుండా.

ఏప్రిల్ 25న అక్కడ ఆన్జాక్ డే, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో తెల్లారకముందే యుద్ధస్తూపం దగ్గర ఊరంతా చేరింది, దుప్పట్లు కప్పుకున్న పిల్లలు, మెడల్స్ పెట్టుకున్న ముసలివాళ్ళు. బూర ఊదాక ఒక నిమిషం ఎవరూ దగ్గలేదు. రాతి మీద పేర్లు చదివాను, అంత చిన్న ఊరికి అన్ని పేర్లా అనిపించింది, ఒకే ఇంటిపేరు మూడుసార్లుంది.

నీళ్ళు, ఫోను సిగ్నలు, ఎమర్జెన్సీ, వీటి సంగతేంటి?
– తాంబరం, చెన్నై

2019లో చెన్నైలో నీళ్ళు లేక అల్లాడినవాళ్ళకి నేను చెప్పాలా, మేం బయల్దేరినప్పుడు బెంగళూరులో ట్యాంకర్ కోసం వాట్సాప్‌లో కొట్టుకుంటున్నాం. బండి ట్యాంకులో నీళ్ళు తక్కువే, షవర్ రెండు నిమిషాలు. కొళాయి పక్కన బోర్డు చూడండి, కొన్ని తాగే నీళ్ళు కావు. ఫోనుకి పల్లెటూళ్ళలో టెల్‌స్ట్రా కంపెనీ సిగ్నలే ఎక్కువ దొరుకుతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎమర్జెన్సీకి 000, మొబైల్ నుంచి 112 కూడా పనిచేస్తుంది. మరీ లోపలి ప్రాంతాల్లో డాక్టరు విమానంలో వస్తాడు, 1928 నుంచీ నడుస్తున్న సర్వీసది, కొన్ని చోట్ల హైవేనే రన్‌వే, రోడ్డు మీద గీతలుంటాయి. పెట్రోలు సగానికొస్తే బంకు కనపడ్డ చోటే పోయించెయ్యండి. పార్కులో కరెంటున్న జాగా మేం వెళ్ళినప్పుడు రాత్రికి 40 నుంచి 70 డాలర్లు ఉండేది, ఈస్టర్ వారంలో అయితే దొరకడమే కష్టం, రెండు మూడు రాత్రులకి తక్కువ ఇవ్వరు.

మీ అత్తయ్యగారు మళ్ళీ వెళ్తారా?
– మల్లేశ్వరం

అడిగాను. ఆవిడ ఏం మాట్లాడలేదు. మొన్న దసరాకి అటక దులుపుతుంటే టాయిలెట్‌లో వేసే ఆ నీలం మందు ప్యాకెట్లు రెండు దొరికాయి, పాత రగ్గులో చుట్టి ఉన్నాయి. పడేద్దామని చెత్తబుట్టలో వేశా. సాయంత్రం చూస్తే మళ్ళీ అటక మీదున్నాయి.